గ్రంథాలయ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: పేరు ఎవరి చేతిలో ఉండాలి, ఆ నమ్మకాన్ని కాగితం మీద ఎలా నిలపాలి

కర్నూలు, నంద్యాల, ఆదోని ప్రాంతాల కళాశాలల్లో పనిచేసే గ్రంథపాలకులు, గ్రంథాలయాలను నడపడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోహా గురించి అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఇన్‌స్టలేషన్ చుట్టూ, బార్‌కోడ్ చుట్టూ, తెలుగు శీర్షికల వెతుకులాట చుట్టూ తిరుగుతుంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ పేరు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఏదో ఒక తగాదా మొదలయ్యాకే వస్తుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. ఈ మార్గదర్శిని రెండు రకాల వారి కోసం రాస్తున్నాను. ఒకరు, ఉన్న సాఫ్ట్‌వేర్‌ను బయటి సంస్థ చేత పెట్టించుకునే కళాశాలల వారు. మరొకరు, తెలుగు క్యాటలాగింగ్‌కు పనికొచ్చే ప్లగిన్‌నో (ఉన్న సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు భాగాన్నో), చిన్న గ్రంథాలయాలకు సరిపోయే సాఫ్ట్‌వేర్‌నో సొంతంగా రాసి నలుగురికీ పంచాలనుకునే బృందాలు. పేరుకు విలువ రాకముందే, బృందంలో అందరూ స్నేహంగా ఉన్నప్పుడే, దాని యాజమాన్యాన్ని వాడుకరుల సంస్థ పేరున పెట్టి రాసుకోవాలన్నది నా అభిప్రాయం. కింది మెట్లన్నీ ఆ ఒక్క పని ఎలా చేయాలో చెప్పేవే.

1. మూడు హక్కులను విడదీసి రాసుకోండి

ఓపెన్ సోర్స్ అనగానే అంతా అందరిదీ అనుకోవడం సహజం. కాని ఒక సాఫ్ట్‌వేర్‌లో కనీసం మూడు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. మొదటిది కోడ్. ఇది కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. జీపీఎల్ వంటి లైసెన్సు దాన్ని వాడుకునే, మార్చుకునే, పంచుకునే హక్కును అందరికీ ఇస్తుంది. రెండవది పేరు, లోగో. ఇవి మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం కిందికి వస్తాయి. మూడవది డొమైన్ (వెబ్‌సైటు చిరునామా), సోర్స్ కోడ్ ఉంచిన ఖాతా, విడుదలల మీద డిజిటల్ సంతకం చేసే కీ వంటివి. వీటి విషయంలో చట్టం ఏం చెప్పినా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటే పెత్తనం వారిదే.

కోడ్ లైసెన్సుతో పేరు మీద హక్కు రాదు. మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు అయిన అపాచీ లైసెన్సు 2.0లోని 6వ విభాగం ఆ సంగతి నేరుగానే చెబుతుంది. జీపీఎల్ 3వ వెర్షన్‌లోని 7వ విభాగం, ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వడం లేదన్న షరతును రచయితలు చేర్చుకోవడానికి వీలు కల్పిస్తుంది. అంటే కోడ్ మొత్తం తీసుకుని ఎవరైనా వేరుకుంపటి పెట్టుకోవచ్చు గాని, అదే పేరుతో నడపవచ్చా లేదా అన్నది పేరు హక్కుదారు చేతిలో ఉంటుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. ఆస్తి ఏమిటి, అది ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డ్ లేదా పత్రం ఎవరి దగ్గర ఉంది అని వరుసగా నింపండి. డొమైన్‌ను ఎవరి సొంత కార్డుతో కొన్నారో, సోర్స్ కోడ్ ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ముడిపడి ఉందో దాచకుండా రాయాలి. బృందాల్లో చాలావరకు రెండో గడిలోనూ మూడో గడిలోనూ ఒకే మనిషి పేరు వస్తుంది. ఆ మనిషి ఎంత మంచివారైనా అది సరిదిద్దవలసిన సంగతే.

2. కోహాకు ఏం జరిగిందో బృందమంతా చదవండి

ఈ మెట్టును దాటవేయవద్దని కోరుతున్నాను, ఎందుకంటే మిగతా మెట్లన్నిటికీ కారణం ఇందులోనే ఉంది. 1999లో న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్, తన పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోదని తెలిసి, కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ చేత కొత్త సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. అదే కోహా, 2000 జనవరిలో పని మొదలుపెట్టింది. ట్రస్టు, కటిపో కలిసి దాన్ని జీపీఎల్ కింద లోకానికి ఇచ్చేశాయి. దేశదేశాల గ్రంథాలయాలు, ప్రోగ్రామర్లు చేరి దాన్ని పెంచారు.

2007లో అమెరికాకు చెందిన లిబ్‌లైమ్ అనే సంస్థ కటిపో నుంచి కోహా విభాగాన్ని కొనుక్కుంది. ప్రాజెక్టు ప్రధాన డొమైన్ కూడా దాని చేతికి వెళ్లింది. 2009లో లిబ్‌లైమ్ తన ఖాతాదారుల కోసం ప్రత్యేక వెర్షన్‌ను ప్రకటించడంతో కోహా వాడుకరులు, ప్రోగ్రామర్ల సముదాయంలో అనుమానాలు ముదిరాయి. 2010 మార్చిలో పీటీఎఫ్‌ఎస్ అనే మరో సంస్థ లిబ్‌లైమ్‌ను కొన్నది. పాత డొమైన్ తమ చేతికి రాకపోవడంతో సముదాయం అదే సంవత్సరం కొత్త డొమైన్‌కు మారింది, ఉమ్మడి ఆస్తులను చూసుకునే బాధ్యతను హోరోఫెనువా ట్రస్టుకే అప్పగించింది.

2011 నవంబరులో అసలు ప్రమాదం బయటపడింది. సాఫ్ట్‌వేర్ పుట్టిన న్యూజిలాండ్‌లోనే కోహా పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకునే దరఖాస్తు పీటీఎఫ్‌ఎస్ చేతిలో ముందుకు సాగింది. సాఫ్ట్‌వేర్‌ను రాయించి, ఉచితంగా పంచిన ట్రస్టు తన సొంత ఊరిలో ఆ పేరు కోసం వకీళ్ల ఖర్చులకు సాయం అడగవలసి వచ్చింది. పేరును లాభాపేక్షలేని సంస్థకు బదిలీ చేయడానికి సిద్ధమేనని కంపెనీ ప్రకటించినా నమ్మకం అప్పటికే చెదిరిపోయింది. ట్రస్టు, క్యాటలిస్ట్ ఐటీ అనే న్యూజిలాండ్ సంస్థ కలిసి అభ్యంతరం దాఖలు చేశాయి. 2013 డిసెంబరులో నిర్ణయం ట్రస్టు వైపు వచ్చింది.

ఇందులో గమనించవలసిందేమిటంటే, ఎవరూ కోడ్‌ను దొంగిలించలేదు. కోడ్ అంతటా అందుబాటులోనే ఉంది, కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. తగాదా అంతా పేరు మీద, డొమైన్ మీద నడిచింది. చట్టప్రకారం సముదాయం గెలిచినా, రెండేళ్లకు పైగా కోడ్ రాయవలసిన వాళ్లు పత్రాలు సేకరించుకుంటూ గడిపారు.

కోహా ఒక్కటే కాదు. 2010లో ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఆఫీస్ బృందంలో పెద్దభాగం బయటికి వచ్చి, పాత పేరును ఒరాకిల్ కంపెనీ ఇవ్వకపోవడంతో లిబ్రేఆఫీస్‌గా కొనసాగింది. 2011లో హడ్సన్ అనే సాఫ్ట్‌వేర్ బృందం, అదే ఒరాకిల్ పేరు మీద హక్కు చెప్పినందువల్ల జెంకిన్స్ అన్న పేరుకు మారింది. పేరు పోయినా వాటి సముదాయాలు నిలబడ్డాయి. అయితే అవి పెద్దవి. మన జిల్లాల్లో పది పన్నెండు కళాశాలలు వాడే ప్లగిన్ పేరు మారితే వాడుకరులు ఎటు వెళ్లాలో తెలియక వదిలేస్తారు.

3. నమోదు కాగల పేరును ఎంచుకోండి

ట్రేడ్‌మార్క్‌ల చట్టం 9వ విభాగం ప్రకారం వస్తువు రకాన్ని, నాణ్యతను, ప్రయోజనాన్ని, పుట్టిన చోటును మాత్రమే తెలిపే పేర్లు సాధారణంగా నమోదు కావు. 'తెలుగు గ్రంథాలయ సాఫ్ట్‌వేర్' అని పెట్టుకుంటే అది వర్ణన మాత్రమే. 'కర్నూలు లైబ్రరీ సిస్టమ్' అంటే స్థలనామం, వర్ణన కలిశాయి. అభిమానం కొద్దీ ఊరి పేరో జిల్లా పేరో పెట్టాలనిపిస్తుంది, ఆ కోరిక నాకూ అర్థమవుతుంది, కాని దాన్ని కాపాడుకోవడం కష్టం. గ్రంథాలయ పనితో నేరుగా సంబంధం లేని, పలకడానికి తేలికైన పదాన్ని వెతకండి.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో పేర్లను ఉచితంగా వెతకవచ్చు. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు 9వ తరగతి, సాఫ్ట్‌వేర్ సేవలకు, హోస్టింగ్‌కు (తమ సర్వర్‌లో పెట్టి నడిపి ఇవ్వడానికి) 42వ తరగతి, శిక్షణకు 41వ తరగతి వర్తిస్తాయి. మూడింటిలోనూ చూడాలి. అక్షరాలు కచ్చితంగా కలవకపోయినా ఉచ్చారణ దగ్గరగా ఉంటే చిక్కే కాబట్టి, శబ్దాన్ని బట్టి వెతికే పద్ధతిని కూడా వాడండి.

4. పేరును ఎవరి పేరున పెట్టాలో తీర్మానించండి

ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించాలి. దరఖాస్తు రుసుము చూడండి. ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు 4,500 రూపాయలు, మిగతా వారికి 9,000 రూపాయలు. సొసైటీలు సాధారణంగా రెండో కోవలోకి వస్తాయి. 'ప్రస్తుతానికి సార్ పేరున వేసేద్దాం, సగం డబ్బు మిగులుతుంది, తర్వాత మార్చుకోవచ్చు' అన్న ఆలోచన బృందంలో తప్పకుండా వస్తుంది. ఆ మాటకు ఒప్పుకోవద్దు. 'సార్' బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, ఏదైనా కంపెనీలో చేరినా, కాలం చేసినా, పేరు ఆయనతోనో ఆయన వారసులతోనో వెళ్తుంది. నలుగురు రైతులు చందాలు వేసుకుని వేయించిన బోరు ఒకరి సర్వే నంబరులో, ఒకరి కరెంటు కనెక్షన్ మీద ఉంటే పొత్తు చెడిననాడు ఏమవుతుందో మన సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

కళాశాల పేరున పెడితే ఎలా అంటే, యాజమాన్యాలు మారతాయి, ప్రాధాన్యాలు మారతాయి, పొరుగు కళాశాలకు అది పోటీ సంస్థ ఆస్తిగా కనిపిస్తుంది. విశ్వవిద్యాలయం కొంత నయమే గాని, ఒక్క సంతకం కోసం దస్త్రం బల్ల నుంచి బల్లకు తిరగవలసి ఉంటుంది. నా దృష్టిలో మంచి దారి సొసైటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే చాలు; విజ్ఞాన వ్యాప్తి అందులో అంగీకరించిన లక్ష్యమే. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు అవుతుంది. ఏడుగురూ ఒకే కళాశాల వారు కాకుండా చూసుకోండి. కనీసం ఒకరు ప్రోగ్రామర్, ఒకరు జిల్లా గ్రంథాలయ సంస్థ వైపు అనుభవం ఉన్నవారు, మిగతావారు వేర్వేరు ఊళ్ల వాడుకరులు అయితే సమతూకం ఉంటుంది. సొంత సొసైటీ నడపలేమనుకుంటే పెద్ద సంస్థల గొడుగు కిందికి వెళ్లే దారి కూడా ఉంది. ఎవర్‌గ్రీన్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కొంతకాలం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే గొడుగు సంస్థ కింద నడిచి, తర్వాత సొంత లాభాపేక్షలేని సంస్థగా నిలబడింది.

సొసైటీ నిబంధనావళిలో పేరు గురించి స్పష్టమైన అంశం ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

'సాఫ్ట్‌వేర్ పేరు, లోగో, డొమైన్, సోర్స్ కోడ్ ఖాతా, సంతకపు కీ సొసైటీ ఆస్తులు. వీటిని సొసైటీ వాడుకరుల ప్రయోజనం కోసం మాత్రమే ఉంచుకుంటుంది. సర్వసభ్య సమావేశంలో నాలుగింట మూడు వంతుల సభ్యుల ఆమోదం లేకుండా వీటిని అమ్మడం, తాకట్టు పెట్టడం, బదిలీ చేయడం చెల్లదు. సొసైటీ రద్దయితే ఇవి ఇవే లక్ష్యాలు గల లాభాపేక్షలేని సంస్థకే వెళ్లాలి. ఇటువంటి సాఫ్ట్‌వేర్ సేవలు అమ్మే ఏ ఒక్క సంస్థకు చెందినవారైనా కార్యవర్గంలో మూడోవంతుకు మించరాదు.'

చివరి వాక్యం మీదనే బృందాల్లో చర్చ ఎక్కువ జరుగుతుంది. సేవలమ్మే సంస్థలను దూరం పెట్టమని నేను అనడం లేదు. కోడ్‌కు ఎక్కువ సాయం చేసేది తరచుగా వారే. అయితే పేరు వారి ఒక్కరి చేతిలో పడకూడదు. ఇప్పటికే ఎవరి పేరునైనా డొమైన్, లోగో ఉంటే, ఆ వ్యక్తి చేత సొసైటీకి బదిలీ పత్రం రాయించుకోండి. లోగో గీసిన చిత్రకారుడు లేదా విద్యార్థి నుంచి కూడా కాపీరైట్ బదిలీ తీసుకోవాలి. ఇది చాలామంది మరచిపోయే పని.

5. దరఖాస్తు వేయండి

మన రాష్ట్రానికి చెన్నైలోని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో టీఎం-ఎ ఫారం నింపితే చాలు, చెన్నై వెళ్లనవసరం లేదు. పేరు తెలుగు లిపిలో ఉంటే దాని లిప్యంతరాన్ని, అర్థాన్ని ఇంగ్లీషులో గాని హిందీలో గాని జతచేయాలి. డబ్బు తక్కువగా ఉంటే ముందు 9వ తరగతిలో వేయండి, హోస్టింగ్ మొదలుపెట్టే నాటికి 42 చేర్చవచ్చు.

'ఎప్పటి నుంచి వాడుతున్నారు' అన్న గడి విలువైనది. పాత తేదీ వేస్తే దానికి అఫిడవిట్, ఆధారాలు చూపాలి. అందుకని మొదటి విడుదల నుంచే ఆధారాలు పోగుచేయడం అలవాటు చేసుకోండి. ఫలానా తేదీన ఫలానా వెర్షన్ విడుదలైందన్న నోటు, శిక్షణ తరగతి ఆహ్వానపత్రం, సాఫ్ట్‌వేర్ పేరు కనిపించే కళాశాల ఉత్తర్వు, తేదీతో ఉన్న స్క్రీన్ చిత్రం, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టండి. నమోదు లేకపోయినా ఈ ఫైలు వృథా కాదు. ఇతరులు తర్వాత నమోదు చేయించుకున్నా, అంతకుముందు నుంచి ఆపకుండా వాడుతున్న వారిని ట్రేడ్‌మార్క్‌ల చట్టం 34వ విభాగం కాపాడుతుంది. అయితే ఆ వాడకాన్ని రుజువు చేయగలగాలి.

6. ఇతరులు ఏం చేయవచ్చో ముందే చెప్పండి

పేరు హక్కు చేతికి వచ్చాక దాన్ని బిగించి పట్టుకుంటే సముదాయానికి ఊపిరాడదు, పూర్తిగా వదిలేస్తే ఆ పేరుకు అర్థం లేకుండా పోతుంది. కాబట్టి ఒక పుటకు మించని విధానాన్ని రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. అడగకుండానే చేయదగిన పనులు ముందు రావాలి: సాఫ్ట్‌వేర్ గురించి రాయడం, బోధించడం, 'మేము దీనికి సేవలందిస్తాము' అని చెప్పుకోవడం, మార్చని కోడ్‌ను అదే పేరుతో పంచడం. నిజాయితీగా ఒక సాఫ్ట్‌వేర్‌ను దాని పేరుతో ప్రస్తావించడాన్ని చట్టంలోని 30వ విభాగం ఎలాగూ అడ్డుకోదు.

ఆ తర్వాత అనుమతి కావలసినవి: సంస్థ పేరులోనో డొమైన్‌లోనో ఈ పేరును కలపడం, కోడ్‌ను గణనీయంగా మార్చి అదే పేరుతో అమ్మడం, 'అధీకృత', 'అధికారిక' అన్న మాటలు వాడడం. మార్చిన కోడ్‌ను పంచేవారు మార్పులు చేశామని, ఎప్పుడు చేశామని కనబడేలా రాయాలని జీపీఎల్ 3లోని 5వ విభాగమే అంటుంది. మీ విధానంలో దానికి తోడుగా, మార్చిన దానికి వేరే పేరు పెట్టమని అడగండి. అనుమతి ఎప్పుడు ఇచ్చినా లిఖితపూర్వకంగానే ఇవ్వండి. నోటిమాట అనుమతులను తర్వాత ఎవరూ ఒకేలా గుర్తుంచుకోరు.

7. సేవలు కొనే కళాశాల అడగవలసినవి

మా ప్రాంతంలో ఒక కళాశాలకు వచ్చిన కొటేషన్‌ను చూసే అవకాశం కలిగింది. పైన కోహా లోగో, దాని పక్కన 'ఆంధ్రప్రదేశ్‌కు ఏకైక అధీకృత ప్రతినిధి' అన్న ముద్ర, కింద 'సాఫ్ట్‌వేర్ లైసెన్సు రుసుము' అని ఒక వరుస ఉన్నాయి. ఆ రెండూ నిలిచేవి కావు. కోహాకు లైసెన్సు రుసుము లేదు. సేవలందించే సంస్థల జాబితా ఒకటి కోహా సముదాయం నిర్వహిస్తుంది గాని, ఒక రాష్ట్రానికి ఒకరే ప్రతినిధి అన్న ఏర్పాటు లేదు. ఇన్‌స్టలేషన్‌కు, డేటా మార్పిడికి, శిక్షణకు, వార్షిక నిర్వహణకు డబ్బు అడగడం పూర్తిగా న్యాయం. అది ఆ పేరుతోనే కొటేషన్‌లో కనబడాలి.

సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చాక స్టాఫ్ తెరలోని కోహా వివరాల పేజీ తెరిచి వెర్షన్ సంఖ్య చూడండి. కోహా పెద్ద విడుదలలు ఏటా మే, నవంబరు నెలల్లో వస్తాయి, 24.11 అంటే 2024 నవంబరు విడుదల. కనబడే సంఖ్య ఈ వరుసలో ఇమడకపోతే, లేదా సముదాయం జాబితాలో లేని వెర్షన్ అయితే, మీకు ఇచ్చింది ఎవరో మార్చిన ప్రతి కావచ్చు. మార్చడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. సర్వర్‌లో ప్యాకేజీలు సముదాయపు చిరునామా నుంచే దిగుతున్నాయో లేదో కూడా తెలిసిన వారి చేత చూపించుకోండి.

ఒప్పందంలో కొన్ని సంగతులు తప్పక ఉండాలి. సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కళాశాల దగ్గర కూడా ఉండాలి. పుస్తకాల రికార్డులన్నీ మార్క్ (MARC) అనే గ్రంథాలయ ప్రామాణిక రూపంలో, సభ్యుల వివరాలు, ఇచ్చిపుచ్చుకున్న పుస్తకాల చరిత్ర డేటాబేస్ బ్యాకప్ రూపంలో, అడిగిన వారం రోజుల్లో ఇవ్వాలి. కళాశాల కోసం చేసిన మార్పుల సోర్స్ కోడ్ అందించాలి. సంస్థ తన సొంత సర్వర్‌లో నడిపి, మీకు బ్రౌజర్‌లో మాత్రమే చూపిస్తుంటే, మార్చిన కోడ్ ఇవ్వవలసిన బాధ్యత జీపీఎల్ ప్రకారం దాని మీద పడదు. కాబట్టి ఆ హక్కును ఒప్పందంలోనే రాసుకోవాలి. కేటలాగు చిరునామా సంస్థ డొమైన్ కింద కాక కళాశాల డొమైన్ కింద ఉండాలి. లేకపోతే సంస్థను మార్చిన రోజున విద్యార్థులకు కేటలాగు కనబడదు.

8. జర్నల్ చూస్తూ ఉండండి, గడువులు దాటనివ్వకండి

ట్రేడ్‌మార్క్ జర్నల్ ప్రతి సోమవారం వెలువడుతుంది. ఎవరైనా మీ పేరుకో, మీరు ఆధారపడిన సాఫ్ట్‌వేర్ పేరుకో దగ్గరగా ఉన్నదాన్ని నమోదు చేయించుకోబోతే అందులోనే ప్రకటన వస్తుంది. ప్రకటన వచ్చిన నాలుగు నెలల లోపు టీఎం-ఓ ఫారంతో అభ్యంతరం వేయాలి; ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 2,700 రూపాయలు. నాలుగు నెలల గడువును పొడిగించే వీలు లేదు. దరఖాస్తుదారు దురుద్దేశంతో వచ్చాడా అన్నది రిజిస్ట్రార్ పరిగణించాలని 11వ విభాగంలోని 10వ ఉపవిభాగం చెబుతుంది కాబట్టి, ఆయనకు సాఫ్ట్‌వేర్ చరిత్ర ముందే తెలుసని చూపే ఉత్తరాలు, కొటేషన్లు బలమైన ఆధారాలవుతాయి. నమోదు అయిపోయాక తెలిస్తే 57వ విభాగం కింద రద్దు కోరవచ్చు. అయితే తెలిసీ ఐదేళ్లు ఊరుకున్నవారి వాదన 33వ విభాగం వల్ల బలహీనపడుతుంది. న్యూజిలాండ్ నిర్ణయం మన దేశంలో ఎవరికీ హక్కు రాసివ్వదు, ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది. అందువల్ల కోహా పేరు విషయంలోనూ ఈ నిఘా ఇక్కడి వాడుకరులే పెట్టుకోవాలి. సొసైటీలో ఒకరికి నెలకోసారి ఈ వెతుకులాట బాధ్యత అప్పగించి, చూసిన తేదీని మినిట్స్ పుస్తకంలో రాయించండి.

మీ సొంత నమోదు పదేళ్లు చెల్లుతుంది. గడువు ముగియడానికి ముందు ఏడాదిలో రెన్యువల్ వేయవచ్చు. దాటిపోతే మరో ఆరు నెలల వరకు అదనపు రుసుముతో అవకాశం ఉంటుంది. ఐదేళ్లకు పైగా పేరును వాడకుండా ఉంచితే 47వ విభాగం కింద ఎవరైనా తొలగింపు కోరవచ్చు. రిజిస్ట్రీ పంపే నోటీసులు దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకూ ఈమెయిల్‌కూ మాత్రమే వస్తాయి. ఆ రెండూ సొసైటీవి అయి ఉండాలి, కార్యదర్శి మారిన ప్రతిసారీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అప్పగింతను సంతకాలతో నమోదు చేయాలి.